ఇది సివిల్ మ్యాటరమ్మా!

ఆస్తి పోగొట్టుకున్న ఆడవాళ్లు పోలీస్ స్టేషన్లో మొట్టమొదట వినే మాట ఇది. ‘ఇది సివిల్ మ్యాటరమ్మా, కోర్టుకు పోండి.’ ఫిర్యాదు కాగితం చదవకముందే, ఒక్కోసారి ఆమె కుర్చీలో కూర్చోకముందే ఈ మాట వచ్చేస్తుంది. దొంగ సంతకం పెట్టారన్నా సివిలే. బతికున్న కూతుర్ని అసలు పుట్టనే లేదన్నట్టు కాగితం రాయించి పట్టా మార్పించుకున్నారన్నా సివిలే. సరే, వాళ్లు చెప్పినట్టే కోర్టుకు పోదామని ప్లీడరు దగ్గరికి వెళ్తే ఆయన ఇంకో మాట చెప్తాడు. ‘మోసం, ఫోర్జరీ అంటున్నారు కదా, ముందు క్రిమినల్ కేసు పెట్టించుకోండి. అది తేలితే మన దావా దానంతటదే నిలబడుతుంది.’ ఆమె మళ్లీ స్టేషనుకు వస్తుంది. ఆ రెండు చోట్ల మధ్య తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకుంటుంది. ఈలోపల చేనులో రాళ్లు పాతి ప్లాట్లు వేసేస్తారు.

ఈ రెండు మాటలూ చట్టం ప్రకారం తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం. నేరం జరిగిందన్న ఆరోపణ ఉన్నంత మాత్రాన సివిల్ కోర్టు చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. ఆస్తి తగాదా ఉన్నంత మాత్రాన పోలీసులకు నేరం కనపడకుండా పోనక్కర్లేదు. ఇది నేను కనిపెట్టిన కొత్త సిద్ధాంతం కాదు, డెబ్బై ఏళ్లుగా సుప్రీంకోర్టు చెప్తున్నదే. అయినా మన ఊళ్లలో ఈ ‘సివిల్’ అన్న మాటకి ఇంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించాలి. నా అనుమానం ఒక్కటే. ఇంటి గడప లోపల జరిగిన దొంగతనాన్ని దొంగతనం అనకుండా ఉండటానికి ఇంతకంటే మర్యాదైన మాట దొరకలేదు. ‘కుటుంబ వ్యవహారం’ అంటూ భార్యని కొట్టడాన్ని ఎన్నేళ్లు దాచారో, ‘సివిల్ మ్యాటర్’ అంటూ చెల్లెలి భూమిని కాజేయడాన్ని అలాగే దాస్తున్నారు. మొదటిదాని మీద మనం చాలా రాశాం. రెండోదాన్ని ప్లీడర్లకి వదిలేశాం.

నేను మాట్లాడుతున్నది పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల గురించి. గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు, ఇటు కుప్పం. వానమీద ఆధారపడిన వేరుశనగ చేన్లు, బోరు పడితే టమాట. ఒకప్పుడు ఎకరం భూమి కోసం ఎవరూ పెద్దగా కోర్టుకెక్కేవాళ్లు కాదు, దాని మీద వచ్చేది ప్లీడరు ఫీజుకే సరిపోదు కాబట్టి. రోడ్లు వెడల్పయ్యి, వెంచర్లు లేచి, సెంటు లెక్కన ధరలు పలకడం మొదలయ్యాక కథ మారింది. ‘మా చెల్లెలికి కూడా ఇంత ఇయ్యాల’ అని నోటితో చెప్పే అన్నలు కూడా కాగితం దగ్గరికొచ్చేసరికి వెనక్కి తగ్గడం మొదలైంది. భూమి విలువ పెరిగినకొద్దీ ఆడపిల్ల పేరు కాగితాల్లోంచి మాయమైపోయే వేగం పెరిగింది.

ఆ మాయమవడం ఎలా జరుగుతుందో వివరంగా చూడాలి, ఎందుకంటే నేరం ఉన్నది ఆ వివరాల్లోనే. తండ్రి పోతాడు. కొడుకు కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం అర్జీ పెడతాడు. అందులో తల్లి పేరు, తన పేరు, తమ్ముడి పేరు ఉంటాయి. పెళ్లయి వెళ్లిపోయిన అక్కచెల్లెళ్ల పేర్లు ఉండవు. ‘వాళ్లు వేరే ఇంటోళ్లు కదా సార్’ అంటే ఆ వివరణ సరిపోతుంది. ఆ పత్రంతో మ్యుటేషను, మ్యుటేషనుతో 1బి, పాసుపుస్తకం, పాసుపుస్తకంతో బ్యాంకు అప్పు, చివరికి అమ్మకం. ఒక్క పేరు రాయకపోవడం మీద ఇన్ని అంతస్తులు లేస్తాయి. ఆడపిల్లకి ఇది తెలిసేది ఎప్పుడంటే, చేను కొన్నవాడు జేసీబీ తెచ్చినప్పుడు.

రెండో పద్ధతి ఇంకా తెలివైనది. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, ఆ ఏడు సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. అంతకుముందే పెళ్లయినవాళ్లు బయటే ఉండిపోయారు. 2005 కేంద్ర సవరణతో ఆ గీత చెరిగింది. అయితే అందులో ఒక తేదీ ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పారిఖత్తు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో భాగాలు పంచుకుని ఉంటే ఆ పంపకాన్ని కదిలించకూడదు. ఇక చూడండి, ఆ తేదీకి ముందు రాసుకున్నామని చెప్పే పారిఖత్తులు పాత స్టాంపు కాగితాల మీద ఎన్ని పుట్టుకొచ్చాయో! సాక్షుల్లో ఒకరు చనిపోయి ఉంటారు, ఇంకొకరు అన్నగారి సావాసగాడై ఉంటాడు. 2020లో వినీతా శర్మ తీర్పులో సుప్రీంకోర్టు ఈ బెడద గ్రహించింది. నోటిమాట పంపకాలని తేలిగ్గా నమ్మవద్దనీ, ప్రభుత్వ రికార్డుల ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లోనే ఒప్పుకోవాలనీ చెప్పింది. ఆ తీర్పు చెప్పింది సివిల్ తగాదాలో. కానీ అది ఎవరి గురించి చెప్పిందో గమనించండి. దొంగ తేదీ వేసేవాళ్ల గురించి.

గుర్రంకొండ, మదనపల్లె వైపు ముస్లిం కుటుంబాలు ఎక్కువ. అక్కడ దారి వేరు. ముస్లిం వారసత్వంలో కూతురికి కొడుకు వాటాలో సగమైనా ఖాయంగా ఉంది. దాన్ని తప్పించడానికి ‘నాన్న బతికుండగానే హిబా చేసేశాడు’ అంటారు. నోటిమాట దానం కూడా చెల్లుతుంది కాబట్టి, ఇచ్చాను, తీసుకున్నాను, స్వాధీనం చేశాను అన్న మూడూ ఉంటే చాలు కాబట్టి, చనిపోయిన తండ్రి నోట ఆ మాటలు పెట్టడం సులువు. 2011లో హఫీజా బీబీ కేసులో, మన హైకోర్టు నుంచి వెళ్లిన అప్పీలులోనే, తండ్రి ఒక కొడుక్కి రాసిన రిజిస్టరు కాని హిబా కాగితం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కాగితం నిజంగా తండ్రిదే అయితే సరే. కాకపోతే? ఆ ప్రశ్న వేసే చోటు ఏది?

నాకు బాగా తెలిసిన ఒక అక్క సంగతి చెప్తాను. ఆ ఊరి పేరూ, స్టేషను పేరూ ఇక్కడ అనవసరం. తండ్రికి రెండున్నర ఎకరాలు. ఆమె తన వాటా హక్కు వదులుకున్నట్టు అన్న పేర ఒక రిజిస్టరు విడుదల దస్తావేజు ఉంది. అందులో ఆమె పేరుంది, వేలిముద్ర ఉంది. ఆ రోజు ఆమె అక్కడికి వెళ్లలేదు. ‘ఆ పొద్దు నేను బెంగుళూరులో మా కోడలి కాన్పుకి ఉండాను పాపా. నా ఏలు నా దగ్గరుంటే నా ఏలిముద్ర రిజిస్ట్రారు ఆఫీసుకి యెట్ల పోయె?’ అని అడిగింది. ఇంతకంటే సూటిగా నేరాన్ని ఏ చట్టమూ నిర్వచించలేదు. ఫిర్యాదు రాసుకుని ఆమెతో పాటు నేనూ వెళ్లాను. ఎస్సై కుర్రవాడే, మర్యాదస్తుడే. ‘ఏమ్మా, అన్నాచెల్లెళ్లు. ఇద్దురూ కూర్చోని మాట్లాడుకోండి. ఇది సివిల్ మ్యాటర్. నేను కేసు కడితే రేపు హైకోర్టు కొట్టేస్తుంది, నాకు మెమో వస్తుంది’ అన్నాడు. ఆ చివరి మాటలో కొంత నిజముంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు కోర్టు సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది. దాని 9వ సెక్షను ప్రకారం, చట్టం ప్రత్యేకంగా అడ్డుకుంటే తప్ప సివిల్ స్వభావం ఉన్న ప్రతి దావానీ సివిల్ కోర్టు విచారించాలి. ఆస్తి మీద హక్కు తగాదాలో ఉన్న దావా సివిల్ దావాయేనని అక్కడే వివరణ కూడా రాశారు. ఆ ఆస్తి ఎలా చేతులు మారింది, మోసంతోనా, బెదిరింపుతోనా, వేషం మార్చిన మనిషితోనా అన్నదాన్ని బట్టి కోర్టు అధికారం పోతుందని ఎక్కడా లేదు. పైగా అదే కోడ్‌లో ఆరో ఆర్డరు నాలుగో రూలు, మోసం జరిగిందనేవాళ్లు తేదీలతో సహా వివరాలు దావాలో రాయాలంటుంది. సివిల్ కోర్టు మోసాన్ని విచారించకూడదనుకుంటే ఆ రూలు ఎందుకు రాసుకున్నట్టు? దస్తావేజు దొంగదని ప్రకటించమని, రద్దు చేయమని, స్వాధీనం ఇప్పించమని అడిగే దావాలన్నీ నేరం వాసన ఉన్నవే. అవన్నీ సివిల్ కోర్టు రోజూ చేసే పనే.

‘క్రిమినల్ కేసు నడుస్తోంది కాబట్టి దావా ఆగాలి’ అన్న వాదన కూడా పాతదే. 1954లో ఎం.ఎస్. షరీఫ్ కేసులో, మద్రాసు నుంచి వచ్చిన వ్యవహారంలో, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని పరిశీలించింది. రెండు కోర్టులు రెండు రకాల తీర్పులు ఇస్తాయేమో అన్న భయం పెద్ద కారణం కాదంది. మామూలుగా క్రిమినల్ కేసుకి ముందు చోటివ్వాలంది, సివిల్ దావాలు ఏళ్లకేళ్లు సాగుతాయి కాబట్టి. కానీ ఇది గట్టి నియమం కాదనీ, సివిల్ దావా ముగింపుకొస్తే దాన్నే ముందు ముగించవచ్చనీ కూడా అంది. ఆ తీర్పులో మొదటి సగాన్నే మన ప్లీడర్లు కంఠతా పట్టారు. 2005లో ఇక్బాల్ సింగ్ మర్వా కేసులో ఇంకో రాజ్యాంగ ధర్మాసనం మరో ముడి విప్పింది. అది ఒక వీలునామా మీద వచ్చిన తగాదా. ఫోర్జరీ అన్న కాగితం ఇప్పటికే కోర్టులో దాఖలైంది కాబట్టి ఆ కోర్టు తప్ప ఇంకెవరూ ఫిర్యాదు చేయకూడదని వాదించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కోర్టుకు రాకముందే పుట్టిన దొంగ కాగితానికి ఆ రక్షణ లేదంది. లేకపోతే దొంగ కాగితం చేసినవాడు దాన్ని ఏదో ఒక కోర్టులో పడేసి హాయిగా ఉంటాడు! సివిల్ కోర్టు నిర్ణయం క్రిమినల్ కోర్టునీ, క్రిమినల్ కోర్టు నిర్ణయం సివిల్ కోర్టునీ కట్టిపడేయవని కూడా చెప్పింది. సివిల్లో ఏది ఎక్కువ సంభవమో చూస్తారు, క్రిమినల్లో సందేహం మిగలకూడదు. కొలతలే వేరైనప్పుడు ఒకదాని కోసం ఇంకొకటి ఎందుకు ఆగాలి?

ఇప్పుడు ఆ ఎస్సై భయం. అది గాలిలోంచి పుట్టలేదు. సివిల్ తగాదాలకి క్రిమినల్ రంగు పూసి ఎదుటివాణ్ణి జైలు పేరుతో బెదిరించి డబ్బు రాబట్టుకునే అలవాటు పెరిగిందని సుప్రీంకోర్టు 2006లో ఇండియన్ ఆయిల్ కేసులో వాపోయింది. ఆ తర్వాత ఎన్ని తీర్పుల్లో ఆ మాట మళ్లీ వచ్చిందో లెక్కలేదు. 2025 ఏప్రిల్లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి సంజీవ్ ఖన్నా ఉత్తరప్రదేశ్ పోలీసుల మీద ఇదే విషయంలో మండిపడ్డారు. న్యాయమైన కోపమే. అప్పు వసూలుకి పోలీసుల్ని వాడుకునేవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. స్టేషన్లో పంచాయితీ పెట్టి తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకోవడం మనకి తెలియనిది కాదు.

కానీ ఆ జల్లెడలో చిక్కుకుంటున్నది ఎవరు? స్టేషనుని తన పనికి వాడుకోగలిగిన వడ్డీ వ్యాపారీ, రియల్ ఎస్టేటు పెద్దమనిషీ తీర్పులు ఎన్ని వచ్చినా వాడుకుంటూనే ఉన్నారు. ఆ తీర్పుల్ని చూపించి వెనక్కి పంపిస్తున్నది ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని. బలవంతుడి దుర్వినియోగాన్ని ఆపడానికి పుట్టిన జాగ్రత్త బలహీనురాలి మీద అమలవుతోంది. 2013లో లలితా కుమారి తీర్పు, నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని చెప్పింది. అదే తీర్పు కొన్ని రకాల కేసుల్లో ముందుగా ప్రాథమిక విచారణ చేయవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఆ జాబితాలో మొదటిది దాంపత్య, కుటుంబ తగాదాలు! అంటే బయటివాడు నా వేలిముద్ర దొంగిలిస్తే వెంటనే కేసు, నా అన్న దొంగిలిస్తే ముందు విచారణ. ఆ విచారణ పేరుతో అన్నని పిలిపిస్తారు, ‘చెల్లెలికి ఏదో ఒకటి ఇచ్చి పంపించు’ అంటారు. అతను రెండు పట్టుచీరలకీ యాభై వేలకీ ఒప్పుకుంటాడు. దాన్ని రాజీ అంటారు.

పోలీసులు చెప్పేదంతా అబద్ధమనీ నేను అనను. 2009లో మహమ్మద్ ఇబ్రహీం కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఒకడు తనది కాని భూమిని తనదేనని చెప్పి తన సొంత సంతకంతో అమ్మితే అది ‘దొంగ దస్తావేజు’ కాదు. సంతకం అతనిదే కదా! మోసపోయింది కొన్నవాడు, ఫిర్యాదు చేయాల్సింది వాడు. భూమి అసలు హక్కుదారుకి ఫోర్జరీ కేసు లేదు, మోసం కేసూ లేదు. ఈ గీతని మన ఇళ్లలోకి తెచ్చి చూస్తే, చెల్లెలి వాటా కలిపి అమ్మేసిన అన్న మీద ఆమెకి మిగిలేది సివిల్ దావాయే. 2018లో షీలా సెబాస్టియన్ కేసులో ఇంకో అడుగు ముందుకు పోయారు. అసలు యజమానురాలి వేషంలో ఇంకో ఆడమనిషిని నిలబెట్టి పవరాఫ్ అటార్నీ రాయించుకున్నారన్నది ఆరోపణ. ఆ నిలబడిన మనిషి దొరకలేదు. కాగితాన్ని ‘చేసింది’ ఆమె గనక, దానివల్ల లాభపడ్డవాణ్ణి ఫోర్జరీకి శిక్షించలేమన్నారు. నాకీ తర్కం మింగుడు పడదు. మా అక్క కేసులో కూడా ఎవరో ఒక ఆడమనిషి రెండు వందల కూలికి వచ్చి వేలు నొక్కి ఉంటుంది. ఆమె ఎవరో ఆ అన్నకి తప్ప ఎవరికీ తెలియదు.

అందుకే నేను సివిల్ కోర్టు వైపు నిలబడి వాదిస్తున్నాను. క్రిమినల్ చట్టంలో ‘కాగితం చేసిందెవరు’ అన్న ప్రశ్న తేలకపోతే కేసు పోతుంది. సివిల్ కోర్టుకి ఆ ప్రశ్న అవసరం లేదు. ‘ఈ వేలిముద్ర ఈమెది అవునా కాదా’ అన్నది చాలు. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో రాసిచ్చినవాళ్ల వేలిముద్రలకి వేరే రిజిస్టరు ఉంటుంది. దాన్ని పిలిపించి, కోర్టు ఎదుట ఆమె వేలిముద్ర తీసుకుని, రెండూ నిపుణుడికి పంపితే తేలిపోతుంది. సంతకం మీద ఇద్దరు నిపుణులు రెండు మాటలు చెప్పొచ్చు. వేలిముద్ర విషయంలో ఆ వెసులుబాటు తక్కువ. చదువు రాలేదని చిన్నచూపు చూసిన ఆ బొటనవేలే సంతకం కంటే గట్టి సాక్ష్యం. కానీ ఎంతమంది ప్లీడర్లు ఆ రిజిస్టరు కోసం మొదటి వాయిదాల్లోనే పిటిషను వేస్తున్నారు? ‘మోసం చేసి’ అని దావాలో ఒక్క పదం రాసి ఊరుకుంటారు. జడ్జీలు కూడా వీలైతే ఇంకేదో అంశం మీద, కాలపరిమితి మీదో స్వాధీనం మీదో తేల్చి, ఫోర్జరీ అన్న ప్రశ్న జోలికి పోకుండా ముగిస్తారు. అధికారం ఉండటం వేరు, దాన్ని వాడటం వేరు.

‘సివిల్ కోర్టుకు పోండి’ అన్న మాట ఎప్పుడూ ఒకే అర్థంలో రాదని గుర్తు చేయడానికి ఇంకో కేసు. మన రాష్ట్రంలోనిదే, తోట గంగాలక్ష్మి కేసు. 1983లో రిజిస్టరు దస్తావేజు ద్వారా కొన్న ఆస్తి. 2005లో అమ్మినవాళ్లు, కొన్నవాళ్లకి తెలియకుండానే, తమంతట తామే ఒక రద్దు దస్తావేజు రిజిస్టరు చేయించారు. ఇరవై రెండేళ్ల తర్వాత! సబ్ రిజిస్ట్రారు దాన్ని తీసుకున్నాడు. హైకోర్టు ఫుల్ బెంచి, రిట్ కుదరదు, సివిల్ కోర్టుకు పోండి అంది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చెల్లని కాగితాన్ని చెల్లదని చెప్పించుకోవడానికి సివిల్ కోర్టుకు పోవాల్సిన అవసరమే లేదంది. ఇద్దరూ కలిసి ఒప్పుకుంటేనే రద్దు దస్తావేజు రిజిస్టరు చేయాలన్న మన రాష్ట్ర నిబంధనని ఎత్తి చూపింది. కాబట్టి సివిల్ కోర్టు మీద నాకున్న నమ్మకం గుడ్డిది కాదు. ఆఫీసు చేసిన తప్పుని దిద్దుకోవాల్సింది ఆ ఆఫీసే. ఆ బరువుని కూడా ఆడవాళ్ల నెత్తిన పెట్టి, కోర్టు ఫీజు కట్టించి, పదేళ్లు తిప్పడం న్యాయం కాదు.

ఇక ఆఫీసుల సంగతి ఎత్తితే మదనపల్లె గుర్తుకు రాక తప్పదు. 2024 జూలై 21 ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచాయి. భూముల ఫైళ్లు కాలిపోయాయి. డీకేటీ పట్టాలు, నిషేధిత జాబితాలోని భూములు, చుక్కల భూములు, వీటి చుట్టూ ఎన్నో ఆరోపణలు. ఇది ప్రమాదం కాకపోవచ్చని ప్రభుత్వమే అనుమానించి డీజీపీని పంపింది, తర్వాత సీఐడీకి ఇచ్చింది. ఉన్నతాధికారులు వచ్చి అర్జీలు తీసుకుంటామంటే జనం బారులు తీరారు. వాళ్లలో ఎంతమంది అంతకుముందు ‘సివిల్ మ్యాటర్’ అని వెనక్కి పంపబడ్డవాళ్లో! ప్రభుత్వ ఫైలు కాలినప్పుడు అది నేరమని అందరికీ తట్టింది, హెలికాప్టరు కూడా దిగింది. ఆ ఫైల్లో పేరు మాయమైన మనిషి వచ్చినప్పుడు మాత్రం సివిల్. దోషులెవరో దర్యాప్తు, కోర్టులు తేలుస్తాయి, అది నా విషయం కాదు. నా విషయం ఏమిటంటే, కాలిన ఫైలులో తన హక్కుకి ఆధారం ఉన్న మనిషి, ఆ నేర దర్యాప్తు ముగిసేదాకా కాచుకు కూర్చోవాలా? అక్కర్లేదు. అసలు కాగితం నాశనమైతే ధ్రువీకరించిన నకలునో, ఇతర ఆధారాలనో చూపించవచ్చని సాక్ష్య చట్టం ఎప్పటినుంచో చెప్తోంది. సివిల్ కోర్టు ఆమెని ‘ముందు సీఐడీ తేల్చనీ’ అనకూడదు.

అదే నెలలో శాసనసభ ఇంకో పని చేసింది. భూ హక్కుల చట్టాన్ని, అందరూ ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ అన్నదాన్ని, రద్దు చేసింది. 2023లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం హక్కు తగాదాల్ని సివిల్ కోర్టుల నుంచి తీసి అధికారులకీ ట్రిబ్యునల్‌కీ అప్పగించాలనుకుంది. న్యాయవాదులు నెలలకొద్దీ ఆందోళన చేశారు, ఎన్నికల్లో అదే పెద్ద గొడవైంది. ఆ హడావుడిలో ఎవరూ ఆడపిల్లల కోణంలో అడగలేదు. కుటుంబ పత్రంలో కూతురి పేరు తీసేసిన ఆ రెవెన్యూ వ్యవస్థ చేతికే తుది నిర్ణయం ఇస్తే ఆమె గతేమిటని! రద్దయినందుకు నాకు సంతోషమే. కానీ రద్దు చేసినవాళ్లు సివిల్ కోర్టుల్ని బాగుచేసే పని మాత్రం తలపెట్టలేదు.

సివిల్, క్రిమినల్ రెండింటినీ ఒకే కోర్టు చూడలేదనేవాళ్లకి మన చరిత్రలోనే జవాబుంది. 1982 నాటి భూ కబ్జాల నిషేధ చట్టం కింద ఏర్పడిన ప్రత్యేక కోర్టు హక్కూ తేల్చగలిగేది, శిక్షా వేయగలిగేది. అది ప్రధానంగా పట్టణ భూముల కోసం, ప్రభుత్వ భూముల కోసం పనిచేసింది. 2024 నవంబరులో దాని స్థానంలో ఇంకా కఠినమైన శిక్షలతో కొత్త బిల్లుని శాసనసభ ఆమోదించింది. ఈ చట్టాల ఊహలో కబ్జాదారు అంటే సుమోలో వచ్చే రౌడీ. పండక్కి చీర పెట్టి, కాళ్లు కడిగి, భోజనం వడ్డించి, సంతకం మాత్రం తానే పెట్టేసుకున్న అన్నయ్య ఆ ఊహలో లేడు.

మనవాళ్లతోనూ నాకొక పేచీ ఉంది. న్యాయమంటే ఎఫ్ఐఆర్ అని మనకొక అలవాటు పడిపోయింది. కుప్పం మండలంలో 2025 జూన్‌లో భర్త చేసిన 80 వేల అప్పు కోసం ఒక ఆమెని చెట్టుకి కట్టేశారు. పక్కన బిడ్డ ఏడుస్తున్న వీడియో బయటికొచ్చింది. వెంటనే కేసులు, అరెస్టులు. ఆ రోజు ఎవరూ ‘అప్పు సివిల్ మ్యాటర్’ అనలేదు, అనలేకపోయారు. మంచిదే. కానీ తాడు కనపడితేనే మనకి నేరం కనపడుతోందా? అరెస్టుతో ఆ కుటుంబం అప్పు తీరలేదు, ఆ ఇంటి పరిస్థితి మారలేదు. మా అక్క కూడా అదే అడిగింది. ‘మా అన్న జైలుకి పోతే నా చేను నాకొస్తాదా?’ రాదు. చేను కావాలంటే సివిల్ డిక్రీ కావాలి. చాలామంది ఆడవాళ్లు అన్నని జైలుకి పంపడానికి ఇష్టపడరు. ఆ వెనకాడటాన్ని బలహీనత అని మనం తేల్చేస్తాం. పుట్టింటి గడప పూర్తిగా మూసుకుపోతే మొగుడు కొట్టిన రాత్రి ఎక్కడికి పోవాలన్న లెక్క అందులో ఉంది. క్రిమినల్ కేసు ఒక్కటే దారి అని చెప్పడమంటే, ఆ లెక్క వేసుకోగల మనిషిని మొత్తం హక్కుకే దూరం చేయడం.

ఆ లెక్క నిజమని చెప్పే అధ్యయనాలున్నాయి. ఆడవాళ్ల భూమి హక్కుల మీద 1994లోనే పెద్ద పుస్తకం రాసిన బీనా అగర్వాల్, ప్రదీప్ పాండాతో కలిసి కేరళలో చేసిన సర్వే 2005లో వచ్చింది. ఇల్లూ పొలమూ ఏదీ తన పేర లేని ఆడవాళ్లలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నారు, రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. గృహహింస గురించి కథలు రాసే మనం ఈ అంకె పక్కన కుటుంబ సభ్యుల పత్రాన్ని పెట్టి చదవాలి. మన సాహిత్యంలో పుట్టింటి ఆస్తి వద్దనుకున్న ఆడమనిషి ఎప్పుడూ ఉదాత్తురాలే. వాటా అడిగినది గయ్యాళి. స్త్రీవాద కథల్లో కూడా ఆస్తి తగాదా అనేది భర్తతోనే వస్తుంది, అన్నదగ్గరికొచ్చేసరికి రాఖీ కడతాం.

చివరిగా డబ్బు. దావా వేయడానికి ఆస్తి విలువ మీద కోర్టు ఫీజు కట్టాలి. భాగం దావాలో తాను ఉమ్మడి స్వాధీనంలోనే ఉన్నానని రాస్తే తక్కువ ఫీజు. తనని వెళ్లగొట్టేశారని నిజం రాస్తే విలువ మీద ఫీజు. అంటే నిజం చెప్పిన ఆడదానికి జరిమానా! అందుకే ప్లీడర్లు అందరి దావాల్లోనూ ‘ఉమ్మడి స్వాధీనం’ అని రాసేస్తారు, తర్వాత ఎదుటి పక్షం క్రాస్ ఎగ్జామినేషన్లో ‘మీరు ఆ చేనులో పైరు పెట్టి ఎన్నేళ్లయింది?’ అని అడిగి ఆమెని అబద్ధాలకోరుగా నిలబెడుతుంది. దీనికి జవాబు 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలో ఉంది. దాని 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం హక్కు, కోర్టు ఫీజు ఖర్చు కూడా అందులో వస్తుంది. మదనపల్లె కోర్టులో మండల న్యాయ సేవా కమిటీ ఉంది. అక్కడికి వెళ్లి అర్జీ ఇవ్వొచ్చని మా అక్కకి నలభై వేలు ఖర్చయ్యాక తెలిసింది.

స్టేషన్లో ‘సివిల్’ అన్నప్పుడు ఆమె అడగాల్సింది ఒక్కటే. ‘ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్.’ వేలిముద్ర దొంగిలించి విలువైన దస్తావేజు పుట్టించడం పాత శిక్షాస్మృతిలో 467, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 338. యావజ్జీవం దాకా శిక్ష పడే నేరం. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షలున్న నేరాలకి కొత్త కోడ్ ఇచ్చిన పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ దీనికి వర్తించదు. రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షను, ఒకరి బదులు ఇంకొకరు నిలబడితే ఏడేళ్ల దాకా శిక్ష అంటుంది. స్టేషన్ తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపాలి, తర్వాత మేజిస్ట్రేటు. అది జరిగినా జరగకపోయినా దావా మాత్రం ఆగకూడదు. దస్తావేజు సంగతి తెలిసిన రోజునుంచి మూడేళ్ల గడువు నడుస్తూనే ఉంటుంది, పోలీసులు ఎంతకాలం ఆలోచించినా అది ఆగదు.

మా అక్క దావాలో వేలిముద్రల రిజిస్టరు పిలిపించమన్న పిటిషను పోయిన వాయిదాకి వేశారు. అన్నగారి ప్లీడరు కౌంటరు వేశాడు. ఇది క్రిమినల్ కోర్టులో తేలాల్సిన విషయమట.